స్థానిక స్వపరిపాలనమును మన పల్లెల పేదరికమును

స్థానిక స్వపరిపాలన మను మాట మన సంఘీయుల చెవులకు క్రొత్తది కాదు. గ్రామ పంచాయతి యెన్నికలు వచ్చినప్పుడెల్ల మన యిండ్ల యరుగులమీద నదియే ప్రసంగము. ఏ వార్డున నెవరు నిలిచిరి, సర్పంచి పదవి యే వర్గమునకు కేటాయింపబడెను, మనవారి కెన్ని స్థానములు లభించెను అను లెక్కలు పసివారికి గూడ కంఠస్థములు. కాని యా పంచాయతి చేతిలోనికి వచ్చు సొమ్మెంత, అది యెక్కడినుండి వచ్చును, ఏ వీథిలో వ్యయమగును అను లెక్కలు పెద్దలకు గూడ తెలిసియుండుట యరుదు. మొదటి లెక్క తెలిసి రెండవ లెక్క తెలియకుండుటవలన మన ప్రాంతములకును మన పేదలకును కలిగిన నష్ట మెట్టిదో చరిత్రమూలమున నిరూపించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. సంఘీయులును పోషక మహాశయులును శ్రద్ధతో చిత్తగింప ప్రార్థించుచున్నాము.

బోర్డుల పుట్టుక

చెన్నపురి రాజధానిలో స్థానిక సంస్థలకు పునాది ప్రజల హక్కులను గూర్చిన చింతతో పడలేదు. దొరతనమువారి ధనాగారమును గూర్చిన చింతతో పడినది. 1870లో మేయో ప్రభువు కొన్ని శాఖల యాదాయవ్యయములను రాజధాని ప్రభుత్వములకు వదలి, కొరవపడు సొమ్మును స్థానికముగా కూర్చుకొనుడని మార్గము చూపెను. మరుసటి యేడు, అనగా 1871లో, చెన్నపురి లోకలు ఫండు చట్టము వచ్చినది. బాటలు, వైద్యశాలలు, పాఠశాలలు మొదలగువాని ఖర్చునకై భూమిపై నొక సెస్సు విధింపబడెను. 1882వ సంవత్సరము మే 18వ తేదిన రిప్పను ప్రభువు ప్రకటించిన తీర్మానము స్థానిక సంస్థలను ప్రజలకు రాజకీయవిద్య నేర్పు బడులనుగా భావించెను. ఆ తీర్మానమును పురస్కరించుకొని 1884వ సంవత్సరపు 5వ చట్టము పుట్టినది. దానివలన జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియను అను మూడు మెట్ల నిర్మాణ మేర్పడెను. యూనియనులకు ఇంటిపన్ను వేయు నధికారము గూడ కలిగెను. పేరునకు స్వపరిపాలనమే యైనను, చాలకాలము జిల్లా బోర్డునకు కలెక్టరుగారే యధ్యక్షులు.

రిప్పను ప్రభువు ఆశయము గొప్పదనుటకు సందేహము లేదు. అయినను బడి యెంత మంచిదైనను ఫీజు చెల్లింపగలవారికే ప్రవేశమైనచో దానిఫల మెవరికి దక్కునో వేరుగ చెప్పనక్కరలేదు. బోర్డుల చరిత్రలో జరిగిన దిదియే.

శిస్తును బట్టి సెస్సు, సెస్సును బట్టి సౌకర్యము

1884 నాటి చట్టము ప్రకారము భూమి సెస్సు రూపాయికి ఒక అణాకు మించరాదు. చూచుటకు ధర్మముగనే యున్నది. అందరికి నొకటే పాలు. కాని లోతునకు దిగి చూడుడు. ఉదాహరణకు, ఒకచోట కాలువక్రింది మాగాణి యెకరమునకు శిస్తు 6 రూపాయలనుకొందము. మరియొకచోట మెట్ట యెకరమునకు శిస్తు అర్ధరూపాయ యనుకొందము. మొదటి యెకరము 6 అణాల సెస్సు నిచ్చును; రెండవది అరణా మాత్ర మిచ్చును. ఒక్క మాగాణి యెకరము పెట్టిన సొమ్మును బోర్డున పెట్టుటకు 12 మెట్ట యెకరములు కావలయును. మెట్టసీమలో గ్రామములు దూరదూరముగ నుండును గనుక బాట పొడవు హెచ్చు. నీళ్లు లోతున నుండును గనుక బావి ఖర్చు హెచ్చు. అవసరము హెచ్చినచోట రాబడి తగ్గును. రాబడి హెచ్చినచోట అవసరము తగ్గును. ఎక్కడి సొమ్ము అక్కడనే వ్యయము చేయవలెనన్న సూత్రము వినుటకు న్యాయముగ నున్నను, కలిమిని కలవారి యింటను, లేమిని లేనివారి యింటను భద్రపరచు సూత్రముగ పరిణమించినది.

డెల్టావాసులు తమ సొమ్ము తామే యనుభవించిరి, ఇందు తప్పేమి యని కొంద రందురు. ఆ సొమ్ము పుట్టుక నొకసారి విచారింపవలయును. 1833లో గుంటూరు సీమను మహాక్షామము పాడుచేసిన తరువాత, ఆర్థరు కాటను దొరగారి యాధ్వర్యవమున 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరము వద్ద గోదావరి యానకట్టయు, 1852 మొదలు 1855 వరకు బెజవాడవద్ద కృష్ణ యానకట్టయు నిర్మింపబడినవి. ఆ నిర్మాణములకు వెచ్చించిన ధనము డెల్టా రైతుల సొంత సెస్సు కాదు. దొరతనమువారి సామాన్య ధనాగారమునుండి వచ్చినది. అనగా మెట్టసీమల శిస్తు గూడ అందు కలిసియున్నది. ఉమ్మడి సొమ్ముతో వచ్చిన నీటివలన హెచ్చిన శిస్తుపై సెస్సు మాత్రము స్థానికమైనది. పెట్టుబడి యందరిది, ప్రతిఫల మొకచోటిది!

దత్తమండలముల గతి వేరు. 1800లో నిజామువలన కుంపిణీవారికి సంక్రమించిన ఈ సీమలో తుంగభద్ర నీటిని మళ్లించు కర్నూలు–కడప కాలువ నొక ప్రయివేటు కంపెనీ త్రవ్వెను. ఆశించిన లాభము రాకపోగా 1882లో దొరతనమువారు దానిని కొనవలసివచ్చెను. ఈలోపల 1876–78 మధ్య ధాత కరువు వచ్చి బళ్లారి, కర్నూలు, కడప మండలములను పీల్చి పిప్పిచేసినది. జనమును పశువులను పోగొట్టుకొన్న యీ మండలములు, కరువు వెళ్లిన ఆరేండ్లకే, స్వశక్తితో బాటలును బడులును నిర్మించుకొనుడను 1884 నాటి చట్టమునకు లోబడినవి. పందెమున నొకనికి గుఱ్ఱము నిచ్చి, మరియొకని కాళ్లు విరిగియుండగా పరుగెత్తుమనుట వంటిదే యిది.

కలిమిగల బోర్డు లెంతవరకు పోగలిగెనో తెలుపుట కొక నిదర్శనము చాలును. అదే రాజధానిలోని కావేరి డెల్టాయందు తంజావూరు జిల్లా బోర్డువారు రైలుమార్గమునకై ప్రత్యేకముగ సెస్సు కూర్చి, తమ సొంత రైలుమార్గమునే వేయించుకొనిరి. 1894లో దానిపై బండ్లు నడచినవి. మెట్టమండలముల బోర్డు లా కాలమున వర్షాకాలమున తెగిపోయిన బాటలను పూడ్చుకొనుటకే తంటాలు పడుచుండెను. 1920 నాటి ప్రాథమిక విద్యాచట్టము గూడ నిదే త్రోవ త్రొక్కినది. విద్యాపన్ను వేసికొన్న స్థానిక సంస్థకు దొరతనమువారు తాము గూడ తోడు సొమ్ము నిచ్చు పద్ధతి దానియందు కలదు. పన్ను వేయ శక్తి గలవారికి రెండింతలు. శక్తి లేనివారికి రెండు సున్నలు. ఉద్దేశము ప్రోత్సాహము, ఫలితము అంతరము.

ఈ యంతరమే కాలక్రమమున రాజకీయరూపము దాల్చినది. 1928లో నంద్యాలలో రాయలసీమ యను పేరు పుట్టుటకును, 1937 నవంబరు 16వ తేదిన శ్రీబాగు ఒడంబడిక జరుగుటకును, నీటిపారుదల మొదలగు విషయములలో వెనుకబడిన జిల్లాలకు ప్రాధాన్య మీయవలెనని అందు వ్రాసికొనుటకును మూలమిదియే. స్థానిక సంస్థలే యీ లేమిని సృష్టించెనని మే మనము. భూమి, వర్షము, ఆనకట్టలు, శిస్తు విధానము బోర్డుల చేతిలోనివి కావు. కాని పుట్టిన లేమిని తగ్గించు సాధనముగ నుండవలసిన బోర్డు, దానిని తరమునుండి తరమునకు మోయు బండి యైనది.

ఓటెవరిది? భారమెవరిది?

రెండవ విషయము ప్రాతినిధ్యము. పన్ను చెల్లించువాడే నియోజకుడను నియమము చాలకాలము సాగెను. జమీందారీ గ్రామములలో సెస్సును భూస్వామి చెల్లించి, అందు సగమును కౌలురైతు వద్ద రాబట్టుకొనుటకు చట్టమే యనుజ్ఞ యిచ్చెను. కూలి వానిపేర పన్ను లేదు గనుక ఓటును లేదు. కాని వాని కూలిలో నా పన్ను తగ్గుచునేయుండెను. ఇట్లు భారము క్రిందికి జారినది, అధికారము పైననే నిలిచినది.

బోర్డులలో ననేక స్థానములు నియామకముచే నిండుచుండుటయు చరిత్రలో ముఖ్యాంశము. 1920 నాటి సంస్కరణల పిమ్మట స్థానిక స్వపరిపాలన శాఖ ప్రజాప్రతినిధియగు మంత్రిచేతికి వచ్చెను. పానగల్లు రాజాగారు మొదట నా శాఖకు మంత్రులై, 1921 మొదలు 1926 వరకు ప్రధానమంత్రులుగ నుండిరి. బోర్డు సభ్యత్వములను నియమించు నధికార మాకాలమున గొప్ప రాజకీయబలమైనది. ఈ సందర్భముననే మన రాజధానిలో ననేక కులసంఘములు బలపడినవి. మాకులమునకు ప్రాతినిధ్యము లేదని విజ్ఞాపనలు పంపుట, సభలు జరిపి తీర్మానములు చేయుట, పట్టణములలోని ఉన్నత పాఠశాలలకు వచ్చు పల్లె బాలురకై వసతిగృహములు నెలకొల్పుట మొదలగు కార్యములెల్ల నాకాలపు ఫలములే. నేడు మనము జరుపుకొనుచున్న యీ మహాసభవంటి సభలు గూడ నా వంశమునకు చెందినవే యని చెప్పుట సత్యదూరము కాదు.

వడ్డించువాడు మనవాడైన కడపంక్తిని కూర్చున్నను చింతలేదని సామెత. కులసంఘముల యాశయ మీ సామెతలో నిమిడియున్నది. ఆశయము తప్పు కాదు. అంతకుముందు వడ్డించువారందరు నొకే పంక్తివారైనప్పుడు క్రొత్తవారు గరిటె నడుగుట న్యాయమే. కాని పంక్తిలో కూర్చుండుటకే యర్హత లేనివారి మాట యేమి? బోర్డు మెంబరైన ప్రతి కులపెద్దయు తన కులములోని కూలివాని గుడిసె ముందరికి బాట వేయించెనా? చరిత్ర దీనికి సంతోషకరమైన సమాధాన మీయదు. పదవి కులమునకు వచ్చినదని పండుగ చేసికొన్నచోట, ప్రయోజనము కొన్ని కుటుంబములకే పరిమితమైన నిదర్శనములు ప్రతి జిల్లాలోను కలవు. 1930 నాటి సవరణ నియామకములను తొలగించి, మహిళలకును అణగారిన వర్గములకును అల్పసంఖ్యాకులకును స్థానములు ప్రత్యేకించెను. 1934లో తాలూకా బోర్డులు రద్దుకాగా, పల్లెకును జిల్లాకును నడుమ నున్న మెట్టొకటి విరిగి, అధికారము జిల్లా కేంద్రమున మరింత కూడెను.

ఊరిలోపలి దూరము

ప్రాంతమునకును ప్రాంతమునకును గల యంతరమువలెనే, ఒకే యూరిలో వీథికిని వీథికిని గల యంతరము గూడ గమనింపదగినది. బోర్డు సొమ్ముతో త్రవ్విన బావి పేరునకు ప్రజలందరిది. చేద వేయు హక్కు మాత్రము కొందరిది. బోర్డు బడి యందరిది. లోపల కూర్చుండు హక్కు కొందరిది. 1924లో చెన్నపురి శాసనసభయందు రెట్టమలై శ్రీనివాసన్ గారు తెచ్చిన తీర్మానము నంగీకరించి, ప్రజాధనముతో నిర్వహింపబడు బాటలు, బావులు, చెరువులు అందరికిని తెరచియుండవలెనని దొరతనమువా రుత్తరు విచ్చిరి. ఉత్తరువు కాగితముపై నుండెను. బావిగట్టు ఊరిలో నుండెను. ఆ రెంటినడుమ దూరమును తగ్గించుటకు స్థానిక సంస్థ పూనుకొనవలసియుండగా, అంటరానితనమును పాటించు పెద్దలే యా సంస్థను నడుపుచుండిరి.

ఈ సత్యము నెరిగియే డాక్టరు అంబేద్కరుగారు 1948 నవంబరు 4వ తేదిన రాజ్యాంగ నిర్మాణసభలో గ్రామమును ఆదర్శముగ పొగడువారిని తీవ్రముగ విమర్శించిరి. గ్రామమున కధికార మిచ్చుట యన గ్రామములోని బలవంతున కధికార మిచ్చుట కాగూడదని వారి భయము. అటుపిమ్మట పంచాయతులను గూర్చిన 40వ యధికరణము రాజ్యాంగమున చేరినను, ఆ భయము నిరాధారమని మనము నేటికిని చెప్పజాలము.

బోర్డులు లేని చోట్లు

అట్లయిన స్థానిక స్వపరిపాలనము లేకున్న మేలా యని యడుగవచ్చును. దీనికి చరిత్ర రెండు సమాధానముల నిచ్చుచున్నది. విశాఖ, గోదావరి మండలముల మన్యప్రాంతములు ప్రత్యేకపాలనక్రింద నుండెను. గూడెము మన్యమున బాటలు వేయుటకు గిరిజనులచేత చాలీచాలని కూలికి పని చేయించుటయు, అడవిహక్కుల నరికట్టుటయు 1922–24 నాటి అల్లూరి సీతారామరాజుగారి తిరుగుబాటునకు కారణము లైనవి. ఆ బాట యెవరికొరకని యడుగుటకు వారికి సభ లేదు. సభ లేనిచోట విల్లంబు లేచినవి.

నిజాము రాజ్యములోని తెలంగాణమున జాగీరు గ్రామములందు దొరగారి గడియే కచేరి, దొరగారి మాటయే చట్టము. దేశముఖు, పటేలు, పట్వారీల యాధిపత్యమున వెట్టిచాకిరి సాగెను. లెక్కయడుగ వీలులేని పాలన యెంత భారమగునో 1946 మొదలు 1951 వరకు జరిగిన సాయుధపోరాటము లోకమునకు తెలిపినది. జాగీరులు 1949లో రద్దయ్యెను. కావున లోపభూయిష్ఠమైన స్థానికసంస్థకంటె స్థానికసంస్థ లేమియే యధిక ప్రమాదము. లోపమున్న సంస్థను దిద్దవచ్చును. లేనిదానిని దిద్దు టెట్లు?

స్వాతంత్ర్యము తరువాత

రాజ్యాంగము వయోజనులందరికి నోటు హక్కు నిచ్చినది. 1957లో బలవంతరాయ్ మెహతా సంఘము నివేదిక ననుసరించి, 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతి సమితులును జిల్లా పరిషత్తులును వెలసినవి. షాద్‌నగరున జవహర్‌లాల్ నెహ్రూగారు వానిని ప్రారంభించిరి. ఎరువులు, విత్తనములు, అప్పులు సమితులద్వారా పల్లెలకు చేరెను. అయినను పొలమున్నవానికే యెరువు, హామీ యున్నవానికే యప్పు గనుక ప్రయోజనము పెక్కుచోట్ల పెద్ద రైతులకే హెచ్చుగ దక్కినది.

1984లో వంశపారంపర్యపు కరణ మునసబు పదవులు రద్దైనవి. 1986 నాటి చట్టముతో మండలవ్యవస్థ వచ్చి, కచేరి పల్లెకు దగ్గరయ్యెను. వెనుకబడిన తరగతులకును మహిళలకును గూడ స్థానములు కేటాయింపబడెను. 1993 ఏప్రిలు 24వ తేదినుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ మూడవవంతు స్థానములను మహిళలకు నిర్బంధముగ కేటాయించి, 29 విషయములను పంచాయతులకు అప్పగింపదగినవిగ పేర్కొనినది. అప్పగించుట మాత్రము రాష్ట్ర శాసనసభల యిష్టమునకు వదలినది. 1996లో షెడ్యూలు ప్రాంతములకు ప్రత్యేక చట్టము వచ్చి, మన్యమునందు గ్రామసభకు స్థాన మిచ్చెను. 2018 నాటి తెలంగాణ చట్టముతో తండాలును గూడెములును పెక్కు స్వంత పంచాయతులై, పంచాయతుల సంఖ్య 12,751కి చేరెను.

ఇన్ని మార్పులు జరిగినను మొదటి చిక్కు వీడలేదు. పంచాయతి సొంత రాబడిలో ముఖ్యమైనది ఇంటిపన్ను. పట్టణమునకు చేరువనున్న పెద్ద గ్రామమునకు మేడలు కలవు, దుకాణములు కలవు. కొండక్రింది తండాకు గుడిసెలు కలవు. 1884 నాటి మాగాణి–మెట్టల కథయే వేషము మార్చి నిలిచినది. పైనుండి వచ్చు గ్రాంటు లీ లోటును తీర్పవలయును. కాని 2015–20 కాలమునకు 14వ ఆర్థికసంఘము స్థానికసంస్థల గ్రాంటును రాష్ట్రములకు పంచుటకు సూచించిన కొలత జనాభాకు 90 పాళ్లు, విస్తీర్ణమునకు 10 పాళ్లు. తలలు లెక్కించిరి, చేనుల కొలిచిరి. లేమిని తూచు పాలొకటి అందు లేదు. మరియు 2018లో గడువు ముగిసిన ఆంధ్రప్రదేశ పంచాయతులకు 2021 వరకు ఎన్నికలు జరుగలేదు. మధ్యకాలమున పల్లెకు అధికారి యుండెను, ప్రతినిధి లేడు.

దీనికి భిన్నమైన మార్గ మొకటి మన సీమలోనే మొదలైనది. 2006 ఫిబ్రవరి 2వ తేదిన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధిహామీ పథకము ప్రారంభింపబడెను. పన్ను చెల్లించినవానికి గాక, పని యడిగినవానికి సొమ్ము చేరవలెనన్నది దాని సూత్రము. విలువలో సగమునకు తగ్గకుండ పనులు గ్రామ పంచాయతులద్వారా జరుగవలెననియు, గ్రామసభ యెదుట లెక్క చదువవలెననియు నా చట్టము నిర్దేశించెను. అవసరమును బట్టి సొమ్ము, బహిరంగముగ లెక్క అను నీ రెండు సూత్రములే 1871 మొదలు మన స్థానికసంస్థలకు కొరవడినవి.

మన కర్తవ్యము

సంఘీయులారా! ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది మూడు మాటలలో చెప్పవచ్చును. ఒకటి: లేమిగల ప్రాంతమును తన కాళ్లపై తాను నిలువుమనుట మాత్రమే స్వపరిపాలనము కాదు; దాని లేమిని కొలిచి, ఉమ్మడి ధనాగారమునుండి హెచ్చు పా లీయవలెను. మన తీర్మానములలో పదవుల మాటతోపాటు ఈ గ్రాంటుల మాటయు నుండవలయును. రెండు: మనవాడు గెలిచిన నాడే మన పని ముగియలేదు. గ్రామసభలో బడ్జెటు చదివించి, ఏ వీథికెంత యని యడుగుట ఆనాడే ప్రారంభము కావలయును. మూడు: ఆ ప్రశ్న మన వీథికొరకు మాత్రమే యడిగిన, నాడు బావిగట్టున నిలిచిన పెద్దలకును మనకును భేద ముండదు. ఊరిచివరి వాడకు కుళాయి వచ్చినదా యని మనము మొదట నడిగిన, మన వాడకు వచ్చిన కుళాయిని వేలెత్తి చూపువా రుండరు.

పోషక మహాశయులకు వేరుగ నొక విన్నపము. మన పూర్వులు పట్టణములలో వసతిగృహములు కట్టించిరి. బోర్డు చేయలేని పనిని దాత చేసెను. నేడును మెట్టసీమలలో, మన్యములలో, తండాలలో చదువునకు దూరమైన పిల్లలు కలరు. దాత ధర్మము బోర్డు బాధ్యతను తీసివేయదు. కాని బోర్డు మేల్కొనువరకు పిల్లవాని వయస్సు ఆగదు. కలిమి పండిన డెల్టాలోని మనవారి దానము లేమి మిగిలిన సీమలకు ప్రవహించెనేని, ప్రభుత్వము లిన్నాళ్లుగా చేయజాలని పనిలో కొంత మనము చేసినవార మగుదుము.

రిప్పను ప్రభువు తీర్మానము వెలువడి నూట నలువది యేండ్లు దాటినవి. ఆ బడిలో మనకు ప్రవేశము లభించినది. పాఠము మాత్ర మింకను పూర్తికాలేదు. లెక్కల పాఠమును మన యువకులును యువతులును శ్రద్ధగ నేర్చి, ప్రతి పంచాయతిలోను ఊరివారియెదుట చదువుదురుగాక యని కోరుచు విరమించుచున్నాము.